క్యాన్సర్ లింఫ్ గ్రంథుల్లోకి పాకిందా? కాంట్రాస్ట్ ఎమ్మారై, సీటీ, పెట్, సూది పరీక్షల్లో ఏది ఎప్పుడు

బయాప్సీలో క్యాన్సర్ అని తేలాక వెంటనే తెలుసుకోవాల్సింది, అది లింఫ్ గ్రంథుల్లోకి పాకిందా లేదా అన్నది. దశ ఖరారయ్యేది దాన్ని బట్టే. ఆపరేషన్‌లో ఎంత తీయాలి, రేడియేషన్ ఎంత మేర ఇవ్వాలి, కీమో ముందా తర్వాతా అన్నవి కూడా దాని మీదే ఆధారపడతాయి. విశాఖలో ఇందుకు దారులు చాలానే ఉన్నాయి. కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, ఎంవీపీ కాలనీలో మహాత్మాగాంధీ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, ఆరిలోవ హెల్త్ సిటీలో కార్పొరేట్ ఆస్పత్రులున్నాయి. ఊరంతా స్కానింగ్ సెంటర్లు సరేసరి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి, పాడేరు వైపు నుంచి వచ్చే రోగులకు కూడా చివరికి ఇక్కడే స్కాన్ అవుతుంది.

చీటీ మీద "ఎమ్మారై విత్ కాంట్రాస్ట్" అని చూడగానే అన్నిటికన్నా గట్టి పరీక్ష రాశారని చాలామంది అనుకుంటారు. కొన్ని క్యాన్సర్లకు అది నిజంగానే మొదటి ఎంపిక. కొన్నిటికి ఎమ్మారై కావాలి గానీ కాంట్రాస్ట్ అక్కర్లేదు. ఇంకొన్నిటికి సన్న సూదితో తీసిన నాలుగు చుక్కలే ఎమ్మారై కన్నా నమ్మకమైన జవాబిస్తాయి.

ముందు అడగాల్సిన మాట

"గ్రంథిలో ఉందని వస్తే ఏం చేస్తారు, లేదని వస్తే ఏం చేస్తారు?" స్కాన్ రాయించుకునే ముందు డాక్టరుగారిని ఇది అడగండి. రెండు జవాబులూ ఒకటే అయితే, గ్రంథుల కోసమని ప్రత్యేకంగా ఖరీదైన స్కాన్ అవసరం లేదు.

నోటి క్యాన్సర్ దీనికి మంచి ఉదాహరణ. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రిలో చేసిన పెద్ద అధ్యయనం 2015లో వచ్చింది. తొలి దశ నోటి క్యాన్సర్ ఉండి, మెడలో గ్రంథులేమీ కనిపించని వాళ్లను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మొదటి ఆపరేషన్‌లోనే మెడ గ్రంథులు కూడా తీసేశారు. రెండో జట్టును గమనిస్తూ ఉండి, గ్రంథి బయటపడ్డాకే తీశారు. మూడేళ్ల తర్వాత మొదటి జట్టులో 80 శాతం మంది బతికున్నారు, రెండో జట్టులో 67.5 శాతం. అందుకే నోటి క్యాన్సర్‌లో స్కాన్ రిపోర్టు "మెడలో ఏమీ లేదు" అన్నా సర్జన్ మెడ ఆపరేషన్ చేద్దామంటే అది అతి కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల మేర పాకిన క్యాన్సర్ ఏ స్కాన్‌కూ దొరకదు. అక్కడ స్కాన్ పని ఆపరేషన్ మానిపించడం కాదు, ఎంత మేర తీయాలో ముందే చెప్పడం.

గాడోలినియం ఏం చూపిస్తుంది, ఏం చూపించదు

ఎమ్మారైలో మామూలుగా ఎక్కించే కాంట్రాస్ట్ గాడోలినియం మందు. అది రక్తంలో కలిసి, సన్న రక్తనాళాల్లోంచి బయటికి ఊరి, కణాల మధ్య ఖాళీల్లో చేరుతుంది. చేరిన చోటు టీ1 అనే రకం ఎమ్మారై బొమ్మల్లో తెల్లగా వెలుగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. క్యాన్సర్ చేరిన గ్రంథికి రక్తం ఎక్కువగా వస్తుంది. పుచ్చుపన్ను వల్లనో గొంతు ఇన్‌ఫెక్షన్ వల్లనో బిళ్ల కట్టిన గ్రంథికీ ఎక్కువగానే వస్తుంది. కాబట్టి రెండూ వెలుగుతాయి. "గ్రంథి కాంట్రాస్ట్ తీసుకుంది" అని రిపోర్టులో ఉంటే అదే క్యాన్సర్ అని హడలిపోనక్కర్లేదు.

మరి కాంట్రాస్ట్ వల్ల లాభం ఏమిటంటే, గ్రంథి లోపలి కట్టడం బయటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి చిక్కుడు గింజలా ఉంటుంది. ఒక పక్క నొక్కు, ఆ నొక్కులో కొవ్వు, చుట్టూ సమానమైన పొర. క్యాన్సర్ చేరితే కొవ్వు నొక్కు మాయమై గుండ్రంగా మారుతుంది. నడిమి భాగం చచ్చిపోతే మధ్యలో నల్లగా, చుట్టూ తెల్ల అంచుతో కనిపిస్తుంది. మెడలో, అందులోనూ నోటి క్యాన్సర్ రోగిలో, ఈ గుర్తుకు చాలా విలువుంది. గ్రంథి పరిమాణం చిన్నదైనా సరే, నడిమి భాగం చచ్చి ఉంటే అనుమానించాల్సిందే. క్యాన్సర్ గ్రంథి పైపొర చీల్చుకుని పక్క కండరంలోకో రక్తనాళం మీదికో పాకిందా అన్నదీ కాంట్రాస్ట్ తర్వాత కొవ్వు అణచిన బొమ్మల్లో తేటగా తెలుస్తుంది. ఆపరేషన్ అయ్యాక రేడియేషన్‌తో పాటు కీమో కూడా కలపాలా అన్నది ఈ విషయం మీద ఆధారపడుతుంది కాబట్టి, దాన్ని చిన్న వివరంగా తీసిపారేయకూడదు.

ఒకే ఒక జాగ్రత్త. నడిమి భాగం చచ్చి అంచు వెలిగే గ్రంథి టీబీలోనూ సరిగ్గా అలాగే కనిపిస్తుంది. మన దేశంలో ఇది అరుదు కాదు. క్యాన్సర్ ఉన్న మనిషి మెడలో ఉన్న బిళ్లలు క్యాన్సర్‌వే అని రూలేమీ లేదు. అలాంటప్పుడు సూది పరీక్షకు పంపి, తీసిన ద్రవంలో కొంత సైటాలజీకి, అంటే కణాల పరీక్షకు, కొంత సీబీనాట్ అనే టీబీ పరీక్షకు వేయించాలి.

పరిమాణం కొలిచేది గ్రంథి పొడవు కాదు, అడ్డు కొలత. స్కాన్ ఏ కోణంలో కోసినా అడ్డు కొలత పెద్దగా మారదు గనుక దాన్నే నమ్ముతారు. మామూలుగా 10 మి.మీ. దాటితే అనుమానం. దవడ కింద పెద్ద నాళం దగ్గరి గ్రంథికి 11 మి.మీ., గజ్జల్లో 15 మి.మీ. దాకా పట్టించుకోరు. గొంతు వెనక గ్రంథులకు మాత్రం 5 మి.మీ. దాటినా అనుమానమే. ఈ అంకెలు గీత గీసినట్టు పనిచేయవు. 4 మి.మీ. గ్రంథిలో క్యాన్సర్ ఉండొచ్చు, 18 మి.మీ. గ్రంథి ఒట్టి ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అందుకే పరిమాణంతో పాటు ఆకారం, అంచు, లోపలి తీరు కలిపి 1 నుంచి 5 వరకు మార్కు వేసే నోడ్-రాడ్స్ పద్ధతి 2021లో వచ్చింది. రిపోర్టులో ఆ మార్కు ఉంటే వేరే ఆస్పత్రి డాక్టరుకు చూపించినప్పుడు మాట సూటిగా అర్థమవుతుంది.

డిఫ్యూజన్ అనే బొమ్మల గురించి కూడా ఒక మాట. కాంట్రాస్ట్ లేకుండానే, బి విలువ అనే యంత్రపు సెట్టింగు 800 నుంచి 1000 పెట్టి తీసే ఈ బొమ్మల్లో గ్రంథులన్నీ దీపాల్లా వెలుగుతాయి. అన్నీ వెలుగుతాయి, మంచివి కూడా, ఎందుకంటే గ్రంథి సహజంగానే కణాలు కిక్కిరిసిన చోటు. గ్రంథి ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికి డిఫ్యూజన్‌ను మించింది లేదు. అది చెడ్డదా మంచిదా అని తేల్చడానికి మాత్రం అదొక్కటే చాలదు.

ఇంటర్నెట్‌లో కనిపించే "90 శాతం" ఏ కాంట్రాస్ట్‌ది

కాంట్రాస్ట్ ఎమ్మారై చిన్న గ్రంథుల్లో కూడా క్యాన్సర్‌ను 90 శాతం పట్టేస్తుందని చదివి వచ్చేవాళ్లుంటారు. ఆ అంకె నిజమే, కానీ ఆ కాంట్రాస్ట్ వేరు. 2003లో అమెరికా, నెదర్లాండ్స్ డాక్టర్లు కలిసి 80 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు ఫెరుమాక్స్‌ట్రాన్ అనే ఇనుప సూక్ష్మకణాల మందు ఎక్కించి చూశారు. మంచి గ్రంథిలో ఉండే మాక్రోఫేజ్ కణాలు ఆ ఇనుమును మింగేస్తాయి, దాంతో గ్రంథి నల్లబడుతుంది. క్యాన్సర్ ఆక్రమించిన చోట మింగే కణాలుండవు, ఆ భాగం తెల్లగానే మిగిలిపోతుంది. మందు మెల్లగా ఎక్కించి, 24 నుంచి 36 గంటల తర్వాత మళ్లీ స్కాన్ తీయాలి. ఒక్కో గ్రంథినీ లెక్కేస్తే మామూలు ఎమ్మారై 35.4 శాతం పట్టుకున్న చోట ఈ పద్ధతి 90.5 శాతం పట్టుకుంది.

అంత మంచి ఫలితం వచ్చినా ఆ మందు మార్కెట్లోకి రాలేదు. అమెరికాలో అనుమతి దొరకలేదు, యూరప్‌లో దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. నెదర్లాండ్స్‌లోని నైమేగన్ వంటి కొద్ది చోట్ల దాని మీద పని సాగుతోంది. దానికి దగ్గరి చుట్టమైన ఫెరుమాక్సిటాల్‌కు అమెరికాలో 2009లో అనుమతి వచ్చింది గానీ అది కిడ్నీ రోగుల రక్తహీనతకు. తీవ్రమైన అలర్జీలు వచ్చినందువల్ల 2015లో దాని మీద గట్టి హెచ్చరిక కూడా పెట్టారు. మన సెంటర్లలో "కాంట్రాస్ట్" అంటే గాడోలినియమే. ఆ 90 శాతాన్ని దీనికి అంటగట్టుకుని "ఏమీ లేదు" అనే రిపోర్టు మీద గుండె మీద చెయ్యేసుకుని కూర్చుంటే ప్రమాదం.

ఏ క్యాన్సర్‌కు ఏది

నోటితో మొదలుపెడదాం, ఉత్తరాంధ్రలో ఇది అంతగా ఉంది గనుక. అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు, మన పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లలో ఇంకా ఉంది. దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్‌కు కాంట్రాస్ట్ ఎమ్మారైని మేం ముందు వరసలో పెడతాం. కారణాలు రెండు. అంగిలి క్యాన్సర్ నరాల వెంట పుర్రె అడుగు వరకు పాకగలదు. ఆ నరం లావెక్కి వెలగడం గాడోలినియం తర్వాతే బాగా కనిపిస్తుంది. రెండోది, అంగిలి నుంచి గొంతు వెనక గ్రంథులకు దారి ఉంది. అవి చేతికి తగలవు, పైనుంచి చేసే అల్ట్రాసౌండ్‌కు అందవు. ఎమ్మారైలో చక్కగా కనిపిస్తాయి.

బుగ్గ, చిగురు క్యాన్సర్ అయితే మా మొగ్గు కాంట్రాస్ట్ సీటీ వైపు. దవడ ఎముక పైపొర తిన్నదా అన్నది సీటీలో స్పష్టంగా తెలుస్తుంది, మెడ గ్రంథులు అదే స్కాన్‌లో వస్తాయి, పని సెకన్లలో అయిపోతుంది. గాలి పూరించి బుగ్గలు ఉబ్బించి తీస్తే బుగ్గ పొర, చిగురు విడివిడిగా కనిపిస్తాయి. ఆ మాట టెక్నీషియన్‌కు ముందే చెప్పాలి. నాలుక క్యాన్సర్‌కు మళ్లీ ఎమ్మారై, ఎందుకంటే కండరంలోకి ఎంత లోతు దిగిందో దానిలోనే బాగా కొలవొచ్చు. ఆ లోతును బట్టే మెడ గ్రంథులకు పాకే అవకాశం పెరుగుతుంది. ఈ మూడింటిలో ఏదైనా, మెడలో అనుమానాస్పద గ్రంథి కనిపిస్తే అల్ట్రాసౌండ్ చూస్తూ 23 గేజ్ సూదితో ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్న సూదితో కణాలు తీసి చూసే పరీక్ష) చేయించడం చవకైన, గట్టి రుజువు. కాకపోతే స్కాన్ ముందు, సూది తర్వాత. సూది గుచ్చిన నాలుగు రోజులకు స్కాన్ తీస్తే, లోపల చిమ్మిన రక్తం, వాపు బొమ్మను తికమక చేస్తాయి.

రొమ్ము క్యాన్సర్‌కు చంకలో గ్రంథుల కోసం ఎమ్మారై అడగకండి. రొమ్ములో ఇంకా గడ్డలున్నాయా, కీమోకు ఎంత కరిగింది అన్నవాటికి రొమ్ము ఎమ్మారై మంచిదే. చంక మాత్రం అల్ట్రాసౌండ్ సొంత ఇలాకా. గ్రంథి పైపొర 3 మి.మీ. కన్నా మందమైనా, కొవ్వు నొక్కు నలిగిపోయినా అక్కడికక్కడే సూది వేయొచ్చు. అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనిపించకపోతే ఆపరేషన్‌లో సెంటినల్ గ్రంథి పరీక్ష చేస్తారు. టెక్నీషియం అనే రేడియోధార్మిక మందో నీలి రంగో రొమ్ములోకి ఎక్కించి, అది ముందుగా చేరే గ్రంథులను మాత్రమే తీసి చూస్తారు. ఆ పరీక్ష చేసే ఏర్పాటు ఉందా అని ఆస్పత్రిని అడగడం, ఎమ్మారై యంత్రం ఎన్ని టెస్లాలని (అయస్కాంత శక్తి ఎంతని) అడగడం కన్నా చాలా ముఖ్యం. చంక మొత్తం ఖాళీ చేస్తే చెయ్యి వాపు జీవితాంతం వెంటాడొచ్చు. అవసరం లేని వాళ్లను దాన్నుంచి తప్పించేది ఇదే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో ఎమ్మారైకి తిరుగులేదు. గడ్డ ఎంత, పక్క కణజాలంలోకి పాకిందా అన్నవి కాంట్రాస్ట్ లేకుండా తీసే టీ2 అనే రకం బొమ్మల్లోనే తెలిసిపోతాయి. కాంట్రాస్ట్ అదనం మాత్రమే. గ్రంథుల విషయంలో 2018లో దశల లెక్క మారింది. స్కాన్‌లో గ్రంథులు కనిపించినా ఇప్పుడు దశ 3సీ అవుతుంది. కటి గ్రంథులైతే 3సీ1, బృహద్ధమని పక్కన పైకి పాకితే 3సీ2. రేడియేషన్ ఇచ్చే హద్దు ఎక్కడిదాకా గీయాలో దీనితో మారుతుంది. సరిగ్గా ఇక్కడే పొరపాటు జరుగుతుంటుంది. "ఎమ్మారై పెల్విస్" అని మాత్రమే రాస్తే స్కాన్ నడుము దగ్గర ఆగిపోతుంది, పై గ్రంథులు బొమ్మలోకే రావు. "కిడ్నీ రక్తనాళాల వరకు" అని చీటీలో రాయించాలి, లేదా పైభాగానికి సీటీ జోడించాలి. కాస్త ముదిరిన దశ అయితే పెట్-సీటీ చేయిస్తే పై గ్రంథులకు అన్నిటికన్నా మేలు.

మలాశయ క్యాన్సర్‌కు ఎమ్మారై తప్పనిసరి, గాడోలినియం అక్కర్లేదు. 3 మి.మీ. మందంతో, గడ్డకు అడ్డంగా కోసిన టీ2 బొమ్మలు కావాలి. యూరప్ రేడియాలజిస్టులు పెట్టుకున్న కొలమానం ప్రకారం అడ్డు కొలత 9 మి.మీ. లేదా ఎక్కువైతే చెడ్డ గ్రంథిగా లెక్క. 5 నుంచి 8 మి.మీ. మధ్య అయితే గుండ్రని ఆకారం, చెదిరిన అంచు, లోపల ఎగుడుదిగుడు రంగు అన్న మూడింటిలో రెండుండాలి. 5 లోపైతే మూడూ ఉండాలి. కాంట్రాస్ట్ ఇస్తే ఈ లెక్కలో ఏమీ మెరుగుపడదు. మలాశయం ఎమ్మారైకి కాంట్రాస్ట్ బిల్లు వేస్తే ఎందుకో అడిగే హక్కు మీకుంది.

ప్రోస్టేట్‌లో గ్రంథుల కోసమైతే పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌దే (ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఉండే పీఎస్ఎంఏ అనే ప్రోటీన్‌కు అంటుకునే మందుతో తీసే స్కాన్) పైచేయి. 2020లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో ముప్పు ఎక్కువున్న 302 మందిని చూస్తే, పీఎస్ఎంఏ పెట్ 92 శాతం సరిగ్గా చెప్పింది, సీటీ, బోన్ స్కాన్ కలిపి 65 శాతమే. ప్రోస్టేట్ గ్రంథి లోపలి గడ్డకు ఎమ్మారై, బయటికి పాకడానికి పీఎస్ఎంఏ, ఇలా పని పంచుకోవాలి. ఇందులో వాడే గాలియం 68 నిమిషాలకే సగం తరిగిపోతుంది. కాబట్టి అపాయింట్‌మెంట్‌కు అరగంట ఆలస్యమైతే సెంటర్‌వాళ్లు వెనక్కి పంపినా కోప్పడకండి.

థైరాయిడ్‌కు అల్ట్రాసౌండ్, సూది, సూదిలో వచ్చిన ద్రవంలో థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రోటీన్) పరీక్ష చాలు చాలావరకు. ఛాతీ ఎముక వెనక్కో గొంతు వెనక్కో పాకిందని అనుమానం ఉంటే స్కాన్ కావాలి. అప్పుడు సీటీ కాంట్రాస్ట్‌లో అయోడిన్ ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. అది ఒంట్లో చేరితే రేడియో అయోడిన్ చికిత్స 4 నుంచి 8 వారాలు ఆపాల్సి రావొచ్చు. గాడోలినియంలో అయోడిన్ ఉండదు, ఎమ్మారైకి ఆ పేచీ లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఛాతీ నడిమి గ్రంథులకు పెట్-సీటీ, ఆ తర్వాత శ్వాసనాళంలోంచి అల్ట్రాసౌండ్ చూస్తూ సూది. అక్కడ ఎమ్మారైకి పెద్దగా చోటు లేదు.

పెట్-సీటీ ఎంచుకుంటే

మామూలు పెట్-సీటీ చక్కెర లాంటి ఎఫ్‌డీజీ మందుతో చేస్తారు. ఒళ్లంతా ఒకేసారి చూస్తుంది, అదే దాని బలం. 5 మి.మీ. లోపు గ్రంథులు, జిగురు ఊరే రకం క్యాన్సర్లు దానికి సరిగ్గా దొరకవు. టీబీ గ్రంథులు మాత్రం క్యాన్సర్ లాగే మండుతాయి. ఆరు గంటలు ఏమీ తినకూడదు, షుగర్ 200 దాటకూడదు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ల పేగులు వెలిగిపోతాయి. పొట్టలో చూడాల్సింది ఉంటే రెండు రోజుల ముందు ఆపాలా అని డాక్టరును అడిగాకే ఆపండి. మందు ఎక్కించాక సుమారు గంట కదలకుండా కూర్చోవాలి. మెడ చూడాల్సిన రోగి ఆ గంటలో కబుర్లు చెప్పినా, ఏదైనా నమిలినా దవడ, మెడ కండరాలు మందు పీల్చుకుని పక్క గ్రంథులను కప్పేస్తాయి. ఏసీ చలికి వణికితే మెడలోని గోధుమరంగు కొవ్వు వెలుగుతుంది, గ్రంథులున్న చోటే. బయట ఎంత ఎండగా ఉన్నా దుప్పటి తీసుకెళ్లండి.

కిడ్నీ సంగతి, ముఖ్యంగా ఉద్దానం వైపు వాళ్లకు

కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల నుంచి వచ్చే రోగులకు కాంట్రాస్ట్ ముందు కిడ్నీ చూడకుండా ఏ సెంటరూ ముందుకు వెళ్లకూడదు. ఉద్దానం కిడ్నీ జబ్బు లోపల ఉండి కూడా బయటికి ఏ లక్షణమూ లేనివాళ్లు ఉంటారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మూత్రనాళాలను నొక్కేసినా కిడ్నీలు దెబ్బతింటాయి, ఆ రోగి ఏ ఊరివారైనా.

క్రియాటినిన్ అంకె ఒక్కటీ చూసి "1.4యే కదా" అనుకుంటే మోసపోతాం. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె) లెక్కలోకి మారిస్తే 30 ఏళ్ల మగవారికి ఆ 1.4 సుమారు 69, 60 ఏళ్ల ఆడవారికి సుమారు 43. లెక్క వేయించుకోండి, ల్యాబ్ రిపోర్టులోనే వేసి ఇస్తారు.

ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువున్న వాళ్లలో గాడోలినియం మందులన్నీ ఒకటి కావు. గాడోడయమైడ్, గాడోపెంటెటేట్ వంటి పాత, గొలుసు ఆకారపు మందులు చర్మం, కీళ్లు గట్టిపడిపోయే ఎన్ఎస్ఎఫ్ అనే తీవ్రమైన జబ్బు తెచ్చాయి. ఆ సంబంధం 2006లో బయటపడింది. ఈ మనుషులకు వాటిని ఇవ్వకూడదు. గాడోబ్యుట్రాల్, గాడోటెరేట్, గాడోటెరిడాల్ వంటి వలయాకారపు మందులతో ఆ ముప్పు అత్యల్పం. తప్పనిసరైతే వీటిని ఇవ్వొచ్చు. కాబట్టి అడగాల్సింది "కాంట్రాస్ట్ ఇస్తారా" అని కాదు, "ఏ కాంట్రాస్ట్" అని. పేరు రిపోర్టులో రాయించుకోండి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఆ రోజు డయాలసిస్‌కు కాస్త ముందు స్కాన్ పడేలా చూసుకుంటే మంచిది.

మోతాదు కిలోకు 0.1 మిల్లీమోల్. మందు గాఢతను బట్టి మి.లీ. మారుతుంది. 60 కిలోల మనిషికి గాడోటెరేట్ అయితే 12 మి.లీ., గాడోబ్యుట్రాల్ అయితే 6 మి.లీ. "పక్కవాళ్లకు 12 ఎక్కించారు, నాకు ఆరే" అని కంగారు పడొద్దు, ఆ రెండోది రెట్టింపు గాఢం. బరువు కళ్లతో అంచనా వేయకుండా తూకం వేయించుకోండి. క్యాన్సర్ రోగుల బరువు నెలలోనే మారిపోతుంది. గర్భిణులకు గాడోలినియం ఇవ్వరు. పాలిచ్చే తల్లికి ఇచ్చినా పాలు ఆపనక్కర్లేదు. లోగడ గాడోలినియంకు దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే ముందే చెప్పాలి. ఎక్కించాక అరగంట సెంటర్లోనే కూర్చోవాలి, తీవ్రమైన అలర్జీలు ఎక్కువగా ఆ వ్యవధిలోనే వస్తాయి.

స్కాన్ రోజు

స్టీల్ ప్లాంటులో, షిప్‌యార్డులో, ఫ్యాబ్రికేషన్ షెడ్లలో గ్రైండింగో వెల్డింగో చేసినవాళ్లు ఒక మాట తప్పక చెప్పాలి: కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా? పడి, పూర్తిగా తీశారో లేదో తెలియకపోతే ముందు కళ్లకు ఎక్స్‌రే తీయాలి. అయస్కాంతం దగ్గర ఆ ముక్క కదిలితే చూపు పోతుంది. రిటైరై ఎన్నేళ్లయినా ఇది వర్తిస్తుంది. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో కాక్లియర్ యంత్రం ఉన్నవాళ్లు వాటి కార్డులు తెచ్చుకోవాలి.

పుస్తెలతాడు, నల్లపూసలు, మెట్టెలు, ముక్కుపుడక ఇంటి దగ్గరే తీసి రండి. సెంటర్‌కు వచ్చాక మెట్టెలు ఊడక గంట పోతుంది. జాకెట్టు పిన్నీసులు, తలలో పిన్నులు మర్చిపోతుంటారు. తీసిపెట్టే పళ్ల సెట్టు తీసేయాలి. బిగించిన లోహపు పళ్లుంటే నోటి చుట్టూ బొమ్మ చెదురుతుంది, ఆ సంగతి ముందే చెబితే సీటీయా ఎమ్మారైయా అని మళ్లీ ఆలోచించవచ్చు.

స్కాన్ 30 నుంచి 45 నిమిషాలు. 5 మి.మీ. గ్రంథిని చూడాల్సిన చోట మనిషి 3 మి.మీ. కదిలినా అది మసకబారిపోతుంది. మెడ స్కాన్‌లో పాడుచేసేది గుటక. గుటక వేయాల్సి వస్తే చప్పుడు ఆగిన విరామంలో వేయండి. దగ్గు ఉన్నవాళ్లు, నోట్లో పుండు వల్ల ఉమ్ము మింగలేనివాళ్లు చాలాసేపు పడుకోలేరు. వాళ్లకు సీటీయే దయగల ఎంపిక. మసకబారిన ఎమ్మారై కన్నా స్పష్టమైన సీటీ మేలు. కటి స్కాన్‌కు పేగు కదలికలు ఆపే 20 మి.గ్రా. బస్కోపాన్ ఇంజెక్షన్ ఇస్తారు. గ్లకోమా, ప్రోస్టేట్ వల్ల మూత్రం బిగదీయడం, గుండె దడ ఉంటే చెప్పండి. 1.5 టెస్లానా 3 టెస్లానా అన్నది గ్రంథులకు అంత తేడా చేయదు. సరైన కాయిల్ (ఒంటికి దగ్గరగా పెట్టి సిగ్నల్ పట్టే పరికరం) పెట్టి, 3 మి.మీ. ముక్కలు తీసి, అవసరమైనంత మేర చూసిన 1.5 యంత్రం చాలు.

రిపోర్టు చేతికొచ్చాక

"కొన్ని గ్రంథులు ఉబ్బి ఉన్నాయి" అని మాత్రమే ఉంటే ఆ రిపోర్టుతో సర్జన్ ఏమీ చేయలేరు. ఏ పక్క, ఏ స్థాయిలో, అడ్డు కొలత ఎన్ని మి.మీ., నడిమి భాగం చచ్చిందా, పైపొర దాటిందా, పెద్ద రక్తనాళాన్ని చుట్టేసిందా అన్నవి ఉండాలి. లేకపోతే రేడియాలజిస్టును అడిగి అనుబంధం రాయించుకోవచ్చు, తప్పేమీ లేదు. ఫిల్ముతో పాటు సీడీ తప్పక తీసుకోండి. ఫిల్ము మీద అచ్చయ్యేది ఎంచిన కొన్ని బొమ్మలే. అగనంపూడికో హైదరాబాద్‌కో వెళ్లినప్పుడు అక్కడివాళ్లు సీడీలో మొత్తం చూసి, మళ్లీ స్కాన్ లేకుండానే పని కానివ్వొచ్చు. ప్రభుత్వ వైద్య పథకం కార్డు మీద వెళ్తున్నవాళ్లు స్కాన్ బయట చేయించే ముందే, చికిత్స చేసే ఆస్పత్రిలో అది ప్యాకేజీలో ఉందేమో అడగండి.

చికిత్స అయ్యాక గ్రంథి కరిగిందా అని చూడడానికి తొందరపడొద్దు. మెడకు రేడియేషన్, కీమో అయినవాళ్లకు పెట్-సీటీ 12 వారాలకు తీయాలి. 2016లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో 564 మందిని చూస్తే, 12 వారాలకు పెట్-సీటీ తీసి, క్యాన్సర్ మిగిలి ఉందనిపించినవాళ్లకే మెడ ఆపరేషన్ చేసిన జట్టు రెండేళ్లకు 84.9 శాతం, అందరికీ ఆపరేషన్ చేసిన జట్టు 81.5 శాతం బతికున్నారు. అంటే ఆపరేషన్ తప్పించుకున్నవాళ్లు ఏమీ నష్టపోలేదు. ఆరు వారాలకే తీస్తే రేడియేషన్ వాపు క్యాన్సర్‌లా వెలిగి, అక్కర్లేని కోతకు దారితీస్తుంది. మలాశయంలో రేడియేషన్ తర్వాత ఎమ్మారైలో గ్రంథి అడ్డు కొలత 5 మి.మీ. లోపుకు తగ్గితే కరిగినట్టే లెక్క. అయితే పోల్చడానికి చికిత్స ముందు తీసిన సీడీ ఉండాలి, వీలైతే రెండు స్కాన్లూ ఒకే సెంటర్లో, ఒకే పద్ధతిలో తీయించుకోవాలి.